పాత డాడ్జ్ పికప్ ఛాసిస్ మీద కొత్త ముందు సస్పెన్షన్‌ను ఎక్కడ, ఎంత ఎత్తున నిలపాలి?

రాయగడ నుంచి మీరు అడిగిన విషయం ఇది. మీ తాతగారి కాలం నాటి డాడ్జ్ బి-1-బి అర టన్ను పికప్‌కు ముందున్న కమాన్ కట్టలనూ (లీఫ్ స్ప్రింగులనూ), పాత యాక్సిల్‌నూ దించేసి, ఒక ఎస్‌యూవీ నుంచి తీసిన డబుల్ విష్‌బోన్ ఆర్మ్‌లనూ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకునే జంట చేతులు) రాక్ స్టీరింగునూ (పళ్ల కడ్డీ అటూ ఇటూ జరిగి చక్రాలను తిప్పేది) కొత్తగా చేయించిన క్రాస్‌మెంబర్‌కు (ఛాసిస్ రెండు పక్కలనూ కలిపే అడ్డదూలానికి) బిగించి ఎక్కించాలనుకుంటున్నారు. పాత యాక్సిల్ ఉన్న చోటనే క్రాస్‌మెంబర్ పెడితే ఇంజన్ సంపు (కింద ఉండే ఆయిల్ తొట్టి) అడ్డం వస్తున్నది. కొంచెం ముందుకు జరిపితే ఛాసిస్ ఛానెల్ (పొడవాటి పక్క దూలం) చదునుగా ఉండి అది చక్కగా కూర్చుంటున్నది గానీ, చక్రం మడ్‌గార్డు వంపులో రెండు అంగుళాలు ముందుకు వచ్చి వికారంగా కనబడుతున్నది. ఈ రెండింటిలో దేనికి లొంగాలి, ఎత్తు దేన్నిబట్టి నిర్ణయించాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను సాలూరులో లారీ బాడీలూ ఛాసిస్ పనులూ చేసే షెడ్లలో పెరిగినవాణ్ణి. అక్కడి పని చూసి నేర్చుకున్న పద్ధతిలో చెప్పాలంటే, క్రాస్‌మెంబర్ ఎక్కడ బాగా కూర్చుంటుందన్నది ఈ పనిలో చివర అడగవలసిన ప్రశ్న. నేల మీద, పూర్తి బరువు మోస్తూ, నిటారుగా నిలిచిన చక్రం కేంద్రం ఎక్కడ ఉండాలో ముందు తేల్చాలి. ఆ చక్రానికి ఆర్మ్‌లు, ఆర్మ్‌లకు క్రాస్‌మెంబర్, క్రాస్‌మెంబర్‌కు ఛాసిస్ లొంగాలి. మీరు ఈ వరుసను తిప్పి, ఛాసిస్ దగ్గర మొదలుపెట్టారు కాబట్టే సంపూ మడ్‌గార్డూ రెండు వైపులకు లాగుతున్నట్టు అనిపిస్తున్నది.

కొలతల్లోకి వెళ్లేముందు ఒక మాట. ఈ బండి మీద చింతపండో, అల్లమో, సిమెంటో వేసుకుని కొండ ఊళ్ల సంతలకు తిప్పే ఉద్దేశం ఉంటే కమాన్ కట్టలనే ఉంచుకోమంటాను. బరువు మోసే పాత పికప్‌కు కమాన్ కట్ట, బీమ్ యాక్సిల్ సరైన జోడీ. కింగ్ పిన్లూ బుష్‌లూ మార్చి, బ్రేకులు మెరుగుపరచుకుంటే అది ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. కుటుంబంతో తిరగడానికీ, అప్పుడప్పుడు తేలికపాటి సామాను వేయడానికీ అయితే మీ ఆలోచనలో తప్పు లేదు. ఆ రెండో ఉపయోగమేననుకుని మిగతాది రాస్తున్నాను.

మొదటి పని నేల. సిమెంటు గచ్చు చదునుగానే ఉందని కంటితో నమ్మవద్దు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టంతో నాలుగు చక్రాలు నిలిచే చోట్ల మట్టం చూసి, పల్లంగా ఉన్న చోట రేకు ముక్కలు పేర్చండి. తరువాత ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద నిలిపి, దారానికి వేలాడే తూకం గుండుతో ముఖ్యమైన రంధ్రాలను నేలకు దించి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య మూల నుంచి ఎదురు మూలకు దూరాలు కొలవండి. వాహనం పొడవునా నేల మీద ఒక మధ్యరేఖ గీసుకోవాలి. డాడ్జ్ ఛానెళ్లు ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి, సమాంతరంగా ఉండవు. అందువల్ల ఒక వైపు ఛానెల్‌ను ఆధారంగా పట్టుకుని రెండో వైపు కొలిస్తే తప్పు వస్తుంది. అడ్డంగా రసమట్టం పెట్టి ముందు, మధ్య, వెనక మూడు చోట్ల చూస్తే ఛాసిస్ మెలి తిరిగిందో లేదో తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల బండిలో మెలి లేకపోతేనే ఆశ్చర్యం. దాన్ని ఇప్పుడే సరిచేయాలి. కొత్త సస్పెన్షన్ మెలిని దాచిపెడుతుందే తప్ప తీసివేయదు.

ఛానెల్ తెరిచి ఉన్న సి ఆకారంలో ఉంటుంది కాబట్టి, కొత్త క్రాస్‌మెంబర్ వచ్చే భాగాన్ని పలకతో మూసి పెట్టెలా చేయవలసి ఉంటుంది. ఈ పనిని గుర్తులు పెట్టకముందే పూర్తిచేయండి. పొడవైన వెల్డింగు వేడికి ఛానెల్ వంగుతుంది. తరువాత మూస్తే అప్పటిదాకా తీసిన కొలతలన్నీ చెల్లకుండా పోతాయి. అంగుళం అంగుళంగా, ఎదురెదురు వైపుల్లో మార్చి మార్చి వెల్డు వేస్తే వంపు తక్కువగా వస్తుంది.

ఇక వెనక యాక్సిల్. ముందు చక్రాల గురించి అడిగితే వెనక గురించి చెబుతున్నారేమిటని అనుకోవద్దు. లారీ పని చేసేవాళ్లందరికీ తెలిసినదే: కమాన్ కట్ట మధ్య బోల్టు విరిగితే యాక్సిల్ ఒక వైపు వెనక్కు జారుతుంది, బండి వంకరగా నడుస్తుంది. మీ వెనక యాక్సిల్ మధ్యరేఖకు సరిగ్గా లంబంగా ఉందని తేలాకే ముందు చక్రాలను దాన్నిబట్టి కొలవవచ్చు. లేకపోతే కొత్త పని ఎంత శుభ్రంగా చేసినా స్టీరింగు వంకరగా పట్టుకుని నడపవలసి వస్తుంది.

ముందు యాక్సిల్ స్థానానికి రెండు సాక్ష్యాలు ఉంటాయి. మొదటిది, ఈ మోడల్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిల్ కేంద్రాల మధ్య దూరం) 108 అంగుళాలు, అంటే 2743 మిల్లీమీటర్లు; వెనక యాక్సిల్ కేంద్రం నుంచి రెండు వైపులా అంతే దూరం కొలిచి నేల మీద గీత గీయండి. రెండోది, కమాన్ కట్ట కొసను పట్టే హ్యాంగర్ రివెట్ రంధ్రాలు ఛాసిస్ మీద ఇంకా ఉంటాయి. పాత కట్టను నేల మీద బరువుతో చదునుచేసి, ముందు కన్ను నుంచి మధ్య బోల్టు దాకా కొలిచి, ఆ దూరాన్ని రంధ్రం నుంచి లెక్కవేయండి. రెండు గీతలూ మూడు మిల్లీమీటర్ల లోపు కలిస్తే చక్రం కేంద్రం అక్కడే. కలవకపోతే ఛాసిస్ ఎక్కడో వంగింది, లేదా ఎవరో ఎప్పుడో హ్యాంగర్ మార్చారు. ఆ కారణం దొరికేదాకా గ్రైండర్ ముట్టుకోవద్దు.

ఈ బి సిరీస్ బండ్లు 1948లో వచ్చినప్పుడు డాడ్జ్ వాళ్లు ముందు యాక్సిల్‌ను వెనక్కు, ఇంజన్‌ను ముందుకు జరిపారు. చిన్న వీల్‌బేస్, తక్కువ జాగాలో తిరిగే గుణం అందువల్లనే వచ్చాయి. ఆరు సిలిండర్ల పొడవైన ఫ్లాట్‌హెడ్ ఇంజన్ సంపు యాక్సిల్ గీత మీదకు రావడానికీ అదే కారణం. పాత యాక్సిల్ మధ్యలో కిందికి వంగి సంపును తప్పించుకునేది, మీ క్రాస్‌మెంబర్‌కు ఆ సౌకర్యం లేదు. ఇక్కడ లొంగవలసింది సంపే. సంపు రేకును కోసి, లోతైన భాగాన్ని వెనక్కో ముందుకో జరిపి, ఆయిల్ పంపు జల్లెడ గొట్టాన్ని దానికి తగ్గట్టు వంచుకోవడం ఒక మంచి పనివాడికి రెండు రోజుల పని. క్రాస్‌మెంబర్ మధ్య భాగాన్ని కిందికి దించి చేయించుకోవడం మరో మార్గం, కానీ దానివల్ల నేల నుంచి ఎడం తగ్గుతుంది. సంపును మార్చేటప్పుడు లోపల అడ్డుపలక తప్పకుండా పెట్టించండి. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ ముందుకు, ఎక్కేటప్పుడు వెనక్కు పారి, జల్లెడ గాలి పీల్చే ప్రమాదం ఉంటుంది.

మడ్‌గార్డు వంపు విషయంలో ఒక చిన్న సడలింపు ఉంది. బండిని మునుపటికన్నా కిందికి దించినప్పుడు, అసలు స్థానంలోనే ఉన్న చక్రం కూడా వంపులో ఒక పక్కకు జరిగినట్టు కనబడవచ్చు, ఎందుకంటే ఆ వంపు వృత్తఖండం కాదు. అందంకోసం అర అంగుళం అటూ ఇటూ జరిపేవాళ్లు ఉన్నారు. రెండు అంగుళాలు మాత్రం అందం లెక్కలోకి రావు. అసలు చూడవలసింది చక్రం పూర్తిగా తిరిగి, పూర్తిగా పైకి వచ్చినప్పుడు మడ్‌గార్డు వెనక అంచుకు తగులుతుందా అన్నది. అందుకే కొలతలు తీసేటప్పుడు మడ్‌గార్డులు, బోనెట్, రేడియేటర్ చట్రం తాత్కాలికంగానైనా బిగించి ఉండాలి. రేకులన్నీ పక్కన పెట్టి ఛాసిస్ మాత్రమే చూసి చేసినవాళ్లు రంగు వేసే రోజున బాధపడటం చూశాను.

ఎత్తు సంగతికి వద్దాం. ముందుగా టైరు కొనండి, లేదా కనీసం ఏ టైరు వేస్తారో నిశ్చయించుకోండి. ఉదాహరణకు 215/75 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 703 మి.మీ.; సగం 351. బరువు పడ్డాక అడుగు కొంత కుంగుతుంది. అది 15 మి.మీ. అనుకుంటే చక్రం కేంద్రం నేల నుంచి 336 మి.మీ. ఎత్తున నిలుస్తుంది. అంత బరువున్న ఏ బండికైనా అదే టైరు ఎక్కించి కొలిస్తే ఈ సంఖ్య కచ్చితంగా తెలుస్తుంది. ఇప్పుడు నేల నుంచి క్రాస్‌మెంబర్ అడుగు దాకా ఎంత ఎడం కావాలో ఎంచుకోవాలి. అమెరికాలో ఈ పాత పికప్‌లకు 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఫోర్డ్ ముస్టాంగ్ 2 నమూనా ముందు సస్పెన్షన్ ఎక్కించి, నేలను రాసుకునేట్టు దించే అలవాటు ఉంది. ఆ ఫోటోలు చూసి మోజుపడవద్దు. మన ఊళ్ల స్పీడ్‌బ్రేకర్లకూ, వర్షాకాలం తరువాత కొండ రోడ్ల గుంతలకూ 180 మి.మీ. కంటే తక్కువ పెట్టుకోమని నేను చెప్పను. స్ప్రింగు నొక్కుకుని 75 మి.మీ. దిగి బంప్ స్టాపర్ (ఆర్మ్‌ను ఆపే రబ్బరు దిమ్మ) తగిలినప్పుడు కూడా 105 మిగలాలి. ఈ లెక్క ప్రకారం చక్రం కేంద్రానికీ క్రాస్‌మెంబర్ అడుగుకూ మధ్య నిలువు దూరం 156 మి.మీ. మించకూడదు. మీ క్రాస్‌మెంబర్‌లో అది ఎంత ఉందో కొలిచి చూడండి. ఎక్కువ ఉంటే ఛాసిస్‌కు వెల్డు వేశాక కాదు, ఇప్పుడే దాన్ని తిరిగి చేయించుకోవాలి.

లోయర్ ఆర్మ్ లోపలి పివట్ (ఆర్మ్ ఊగే బోల్టు), బయటి బాల్ జాయింట్ (చక్రం వైపు ఉండే బంతి కీలు) ఈ ఎత్తులో దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. స్ప్రింగు లేకుండా, దాని స్థానంలో తగిన పొడవు ఇనుప పట్టీ బిగించి ఆర్మ్‌ను ఆ మట్టంలో స్థిరంగా నిలిపివేస్తే కొలతలన్నీ సులువవుతాయి. స్ప్రింగు ఎంపిక తరువాతి పని. దానికోసం బండి పూర్తయ్యాక ముందు చక్రాలను మాత్రమే వేబ్రిడ్జి మీద నిలిపి బరువు తూచుకోండి. ఆర్మ్ మధ్యలో స్ప్రింగు కూర్చుంటే, చక్రం మోసే బరువుకు రెండింతల బలం స్ప్రింగు మోయాలి, గట్టిదనం నాలుగింతలు కావాలి. దాత బండి (ఆర్మ్‌లు తీసిన ఎస్‌యూవీ) స్ప్రింగులే సరిపోతాయన్న నమ్మకం చాలాసార్లు ఇక్కడే తప్పుతుంది.

ఎత్తు కన్నా ఎక్కువమంది పొరబడే చోటు ముందు వెనకల వాలు. ఖాళీ పికప్ ముక్కు కొంచెం కిందికీ తోక పైకీ నిలుస్తుంది, బరువు వేస్తే తోక దిగుతుంది. 108 అంగుళాల వీల్‌బేస్ మీద ఒక డిగ్రీ వాలు అంటే వెనక వైపు దాదాపు 48 మి.మీ. ఎత్తు తేడా. వాలు ఎంత మారితే క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే, చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసు వెనక్కు వాలిన కోణం) అంతే మారుతుంది. తోక 48 మి.మీ. దిగితే క్యాస్టర్ ఒక డిగ్రీ పెరిగి స్టీరింగు బరువెక్కుతుంది. అంతే పైకి లేస్తే ఒక డిగ్రీ తగ్గి, నేరుగా వెళ్లే గుణం పలచబడుతుంది. మీరు మామూలుగా నడిపే స్థితి ఏదో, అంటే డ్రైవరూ, సగం ట్యాంకు డీజిలో పెట్రోలో, వెనక సాధారణంగా ఉండే సామానూ, దానికి తగ్గ ఎత్తులో ఛాసిస్‌ను ముందూ వెనకా స్టాండ్ల మీద నిలపండి. ఛానెల్ పైభాగం వాలుగా ఉంటే ఉండనివ్వండి. క్రాస్‌మెంబర్ మట్టాన్ని నేలను బట్టి చూడాలి, ఛానెల్‌ను బట్టి కాదు. లోయర్ ఆర్మ్ పివట్ బోల్టుల మీద రసమట్టం పెట్టి, దాత బండిలో అవి నేలతో ఎంత కోణంలో ఉండేవో అంతే కోణంలో పెట్టండి. ఆ కోణాన్ని దాత బండిని విప్పకముందే కొలుచుకుని ఉంటే మంచిది. విప్పేసి ఉంటే అలాంటి మరో బండిని మెకానిక్ షెడ్డులో చూసి కొలుచుకోండి.

"తరువాత ఎలైన్‌మెంట్ కొట్టిస్తే క్యాస్టర్ సరిపోతుంది కదా, క్రాస్‌మెంబర్ కొంచెం వంగితే ఏమిటి?" అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. వినవద్దు. రాక్ యాక్సిల్‌కు ముందు ఉన్నదనీ, స్టీరింగ్ ఆర్మ్ 125 మి.మీ. పొడవనీ అనుకుందాం. క్రాస్‌మెంబర్ రెండు డిగ్రీలు ముక్కు కిందికి వంగి ఉంటే, ఆ లోటు తీర్చడానికి అప్పర్ ఆర్మ్‌ను వెనక్కు లాగి నకిల్‌ను (హబ్‌ను మోసే ముక్కను) రెండు డిగ్రీలు తిప్పుతారు. అప్పుడు నకిల్ ముందున్న టై రాడ్ (రాక్‌ను నకిల్‌కు కలిపే కడ్డీ) కొస దాదాపు 4.4 మి.మీ. పైకి లేస్తుంది, రాక్ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. టై రాడ్ తన సహజమైన గీతను కోల్పోయి, చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ స్టీరింగు దానంతట అదే తిరగడం మొదలవుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్ మలుపుల్లో బ్రేకు నొక్కినప్పుడు ముక్కు దిగి, చక్రాలు ఒక పక్కకు లాగితే ఏమవుతుందో మీకు వివరించనక్కరలేదు.

దీన్ని టాక్ వెల్డింగు (తాత్కాలికంగా వేసే చుక్క వెల్డు) దశలోనే పరీక్షించవచ్చు. ముందు నుంచి చూస్తే, అప్పర్, లోయర్ ఆర్మ్‌ల లోపలి పివట్లను కలిపే గీత మీదనో దానికి అతి దగ్గరగానో టై రాడ్ లోపలి బంతి ఉండాలి. ఆర్మ్‌లు రెండింటినీ ఊహలో లోపలికి పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో, టై రాడ్ గీత కూడా అటే సాగాలి. ఇనుప పట్టీ తీసేసి, హబ్‌కు ఒక నేరుగా ఉన్న పలకను కట్టి, జాకీతో ఆర్మ్‌ను అంగుళం అంగుళం లేపుతూ పలక ముందు కొస, వెనక కొస ఎంత కదిలాయో కొలవండి. రెండు కొసల తేడా అంగుళానికి ఒక మిల్లీమీటరు దగ్గర ఉంటే పరవాలేదు. అంతకు మించితే రాక్‌ను మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిపి మళ్లీ చూడాలి. ఇంకో హెచ్చరిక: సంపుకు జాగా చాలక రాక్‌ను యాక్సిల్ వెనక్కు మార్చాలనే ఆలోచన వస్తే మానుకోండి. నకిళ్లను కుడి ఎడమలు మార్చితే తప్ప అది కుదరదు, అలా మార్చితే మలుపులో లోపలి చక్రం ఎక్కువ తిరగవలసింది తక్కువ తిరుగుతుంది, టైర్లు అరిగిపోతాయి.

క్రాస్‌మెంబర్ మధ్యగీత చక్రం కేంద్రానికి సరిగ్గా కిందనే ఉండాలన్న అపోహ కూడా మీ ఉత్తరంలో కనిపించింది. క్యాస్టర్ పెట్టి, ఆర్మ్‌లు బిగించి, నకిల్ నిలిపాక హబ్ కేంద్రం క్రాస్‌మెంబర్ మధ్యకు ముందుకో వెనక్కో కొంత జరిగి ఉండవచ్చు. అందుకే బేర్ క్రాస్‌మెంబర్‌ను గీత మీద పెట్టి వెల్డు వేయడం తప్పు. బల్ల మీద పూర్తి జోడీ బిగించి, మూడు డిగ్రీల పాజిటివ్ క్యాస్టర్ (పవర్ స్టీరింగు ఉంటే నాలుగు), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) సున్నాకు దగ్గరగా పెట్టి, అప్పుడు హబ్ ఎంత జరిగిందో కొలిచి, క్రాస్‌మెంబర్‌ను ఆ మేరకు ఎదురు వైపు జరపాలి.

వెడల్పు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: పాత యాక్సిల్‌లో ఒక హబ్ ముఖం నుంచి రెండో హబ్ ముఖం దాకా ఉన్న కొలతకన్నా కొత్తది వెడల్పుగా ఉండకూడదు. ఉంటే రిమ్ము ఆఫ్‌సెట్‌తో (రిమ్ము లోపలికో బయటికో కూర్చునే తేడాతో) సర్దుకోవచ్చు గానీ పరిమితంగానే.

అన్నీ కుదిరాక నాలుగు మూలల టాక్ వేసి, స్టాండ్లు కదపకుండా మొత్తం కొలతలు మళ్లీ తీయండి. కుడి ఎడమ వీల్‌బేస్‌ల మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే టాక్ పగలగొట్టి మళ్లీ పెట్టండి. పూర్తి వెల్డింగుకు పొడిగా దాచిన 7018 రకం వెల్డింగు రాడ్ కానీ మిగ్ (తీగతో చేసే) వెల్డింగు కానీ వాడించండి. ఛానెల్‌కు అడ్డంగా నిలువు గీతలా వెల్డు వేయనివ్వవద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. ఏటవాలు కొసలున్న పలకలు పెట్టి వేయించాలి.

కాగితాల సంగతి పని మొదలుపెట్టకముందే చూసుకోవలసినది. ఆర్.సి.లో వీల్‌బేస్ రాసి ఉంటుంది, చక్రాన్ని పాత చోటనే నిలపమనడానికి ఇదొక కారణం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను కఠినంగానే చదివింది. రాయగడ ఆర్.టి.ఓ. కార్యాలయంలో గీసిన పటంతో సహా లిఖితపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చాకే ఛానెల్ కోయండి. పాత యాక్సిల్‌ను, కమాన్ కట్టలను, హ్యాంగర్లను తుక్కుకు వేయకుండా నూనె రాసి దాచుకోండి.

మొదటి పరుగు ఘాట్ వైపు వద్దు. ఖాళీ బండితో మీ దగ్గరి చదునైన రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, చేయి తేలిక చేసి స్టీరింగు ఎటు లాగుతుందో చూడండి, గట్టిగా బ్రేకు వేసి చూడండి. తిరిగివచ్చాక ప్రతి బోల్టూ బిగించి, వెల్డు దగ్గర రంగు పగిలిందేమో టార్చి వేసి వెతకండి. స్ప్రింగులు కొంత కుంగుతాయి కాబట్టి 500 కిలోమీటర్లయ్యాక ఎత్తు మళ్లీ కొలిచి, ఆ తరువాతే చివరి ఎలైన్‌మెంట్ చేయించండి.